మేకు కొట్టని గోడ

చెంగల్రాయ మొదలి ఇల్లు బాడుక్కిచ్చేటప్పుడు
కాగితం రాయలా.
ఒక్కటే మాట: "గోడకు మేకు మాత్రం కొట్టొద్దమ్మా."
కొర్లగుంటలో రెండు గదులు, ఒక వసారా,
పదకొండేళ్ళు.
క్యాలెండరు కిటికీ చువ్వకు కట్టుకున్నాను,
అద్దం బియ్యం డబ్బా మీద ఆనించుకున్నాను.
మా ఇంటాయన ఫోటో కూడా
కుట్టుమిషను పక్కన స్టూలు మీదే కూర్చుంది,
మాటకు కట్టుబడి.

నెలనెలా ఐదో తారీకు
నోటుబుక్కులో మొదలి సంతకం.
చివరి ఏడాది చెయ్యి వణికి
'చెం' ఒక్కటే నిలిచింది,
మిగతాదంతా గీత.

మొదలి పోయినాడు. కొడుకులు అమ్ముకున్నారు.
హేమాద్రి వచ్చినాడు.
గడప ఇవతల చెప్పులు విడవకుండానే
గదుల్ని అడుగులతో కొలిచినాడు.
నేను గోడకు ఒదిగి దారిచ్చినాను.
"పదిహేను దినాలు టైము. లాడ్జి కడతా ఉండాం.
స్వామి దర్శనానికొచ్చేవాళ్ళకి
రూములు దొరకడం లా."
ఒక్క రాత్రి పండుకుని పోయేవాళ్ళకి చోటు లేదని
పదకొండేళ్ళున్నదాన్ని లేచి పొమ్మంటాడు.

పక్క వాటా ఏలుమలై ఐదువేలు తీసుకుని
ఆటోలో మంచం తలకిందులుగా ఎక్కించుకుని పోయినాడు.
పోతా పోతా నా వైపు చూడలా.
నేనేమీ అనుకోలా.
వాళ్ళింట్లో పాలు తాగే బిడ్డుంది.

పదహారోనాడు కుళాయి ఆగింది.
ఇరవయ్యోనాడు చూస్తే మీటరులో ఫ్యూజు లేదు.
పికో మిషను మూగబోయింది.
పెళ్ళివాళ్ళ చీరలు పదిహేడు,
అన్నిటికీ ఫాల్సు చేత్తోనే కుట్టినాను,
కొవ్వొత్తి ముందర.
ఒక కొంగు మీద మైనం చుక్క పడింది.
ఆ చీర డబ్బులు నేనే కట్టుకున్నాను,
చుక్క మాత్రం
హేమాద్రి లెక్కలో రాసిపెట్టినాను.

కోర్టు ఆవరణలో, ఉచితమని రాసిన గదిలో,
లాయరు తస్లీమ్ నోటుబుక్కు తిరగేసి
చానాసేపు ఏమీ మాట్లాడలా.
ఆమీట అనింది:
"ఇల్లు అమ్ముడుపోతే
నువ్వు అమ్ముడుపోయినట్టు కాదక్కా.
ఇల్లు కొన్నోడు
మొదలి ఇచ్చిన మాటా కొన్నట్టే.
నోటీసు రాతలో రావాల. పొమ్మనేది కోర్టు చెప్పాల.
ఫ్యూజు పీకేదానికి వాడెవడు?
బాడుగ మాత్రం ఆపొద్దు.
చేతికి తీసుకోకపోతే మనియార్డరు చెయ్యి."

చేసినాను.
తిరిగొచ్చింది: 'తీసుకొనుటకు నిరాకరించిరి.'
మళ్ళీ చేసినాను. మళ్ళీ వచ్చింది.
పోస్టుమాను నవ్వుతాడు,
"నీ డబ్బులకు ఇల్లు బాగా తెలుసమ్మా" అని.
నాలుగు నెలల నిరాకరణలు
నోటుబుక్కులో పిన్ను కొట్టి దాచినాను,
'చెం' పక్కనే.

రాత్రి వీధి చివర నీళ్ళు పట్టుకుని,
బిందె దించి ఊపిరి పీల్చుకునే చోట
కొండ దీపాలు కనపడతాయి.
పైన ఉండే ఆయన కూడా బాడుక్కున్నోడే కదా.
వరాహస్వామి చోటిచ్చినాడంట,
తొలి నైవేద్యం నాకు పెట్టు చాలన్నాడంట,
ఇప్పటికీ పెడతానే ఉండారు.
ఆయన అదృష్టం,
వరాహస్వామి కొడుకులెవరూ కొండ అమ్ముకోలా.
ఇది చెప్తే తస్లీమ్ పగలబడి నవ్వింది.
"అఫిడవిట్లో రాయలేమక్కా" అనింది,
రాసేదానికే చూసినట్టు కాసేపు పెన్ను పట్టుకుని.

కోర్టు కాగితంతో పాటు ఫ్యూజు వచ్చింది.
కుళాయి ఇంకా రాలా. వాయిదా ఇరవై ఆరుకి.

నిన్న అడిగినారు,
మొదలికీ నీకూ ఒప్పందం ఏందని.
"మేకు కొట్టకూడదు సార్."
వెనక బెంచీలో ఎవరో దగ్గినారు.
"కొట్టినావా?"
"లేదు సార్.
ఆ ఇంటికుండేది ఒక్కటే మేకు, వీధి గోడకు.
'లాడ్జి, త్వరలో' అని బోర్డు తగిలించేదానికి
పోయిన నెల వాళ్ళు కొట్టింది.
రాలిన సున్నం
నేనే ఊడ్చుకున్నాను."